శబ్దం తీసేసిన సినిమా

జెద్దాలో సినిమా హాలు వస్తుందని, అందులో నేను మెత్తటి కుర్చీలో కూర్చుంటానని నా ఇరవై మూడో ఏట ఎవరైనా చెప్పి ఉంటే, ఎండదెబ్బ తగిలిందేమో చూడండి అనేదాన్ని. మొన్న ఉమ్రాకు వెళ్ళినప్పుడు ఆ కుర్చీలో కూర్చోనే కూర్చున్నాను, కానీ సుఖంగా కాదు. నా పక్కన రీమ్, ఆమెకు అవతల ఆమె కూతురు జనా. రీమ్‌ను ఐదేళ్ళప్పటి నుంచి నేనే పెంచానని మా రాయచోటిలో గొప్పగా చెప్పుకుంటూ ఉంటాను. నిజానికి నేను వాళ్ళింట్లో పనిమనిషిని. నా పేరు రహమత్‌బీ, ఆ ఇంట్లో రహ్మా అయింది. ప్రతి పండక్కీ రీమ్ మరిచిపోకుండా ఫోన్ చేస్తుంది. చెల్లెలితో కలిసి ఉమ్రాకు వస్తున్నానని చెప్పగానే, మక్కా నుంచి తిరిగొచ్చాక ఒక రోజు తనకు ఇవ్వాలని పట్టుబట్టింది. తనే కారు నడుపుకుంటూ హోటలుకు వచ్చి, "పాపకు సినిమా చూపిస్తానని మాటిచ్చాను, నువ్వూ రా ఖాలా" అంది. ఖాలా అంటే పిన్ని. చిన్నప్పుడు పేరు పెట్టే పిలిచేది. ఆ కొత్త పిలుపు విన్న సంతోషంలో, అది ఏ సినిమా అని అడగనేలేదు.

అది జపాను వాళ్ళ బొమ్మల సినిమా. ముగ్గురు స్నేహితులు ఒక పాత వంతెన కింద నడుచుకుంటూ పోయి అవతలికి తేలేసరికి, ఊరు వాళ్ళదే, వీధులు వాళ్ళవే, కానీ వాళ్ళ ఇళ్ళల్లో వేరే పిల్లలు అన్నం తింటూ ఉంటారు. పక్కలోకం అన్నమాట. వాళ్ళు వంతెన కింద అడుగు పెట్టేసరికి నేను రీమ్ వైపు తిరిగాను. ఇన్ని సినిమాలుండగా నన్ను దీనికే ఎందుకు తీసుకొచ్చింది? కావాలనే తెచ్చిందా? అడగదలుచుకున్నది అడగలేక ఇలా చూపిస్తోందా? తెర వదిలేసి ఆమె మొహమే చూస్తూ కూర్చున్నాను. ఆమె మాత్రం పాపకు పేలాలు అందిస్తూ, నవ్వాల్సిన చోట నవ్వుతూ ఉంది. ముప్పై ఏళ్ళుగా నేను ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. అది ఆమెకు గుర్తుందో లేదో తెలియక, సినిమా అయ్యేదాకా నాకు ఊపిరాడలేదు.

ఆ ఇల్లు జెద్దాలో పాత పేటలో ఉండేది. చుట్టూ నిలువెత్తు గోడ, ఇనుప గేటు, లోపల సిమెంటు ముంగిలి, ఓ మూల చచ్చిపోయిన కారు. రీమ్ వాళ్ళ తాతగారు నడిపిన కారు అది. టైర్లలో గాలి పోయి, అద్దాలకు నల్ల కాగితం అంటించి ఉండేది. ఆయన పోయినా దాన్ని తీయించడానికి పెద్దావిడ ఒప్పుకోలేదు. పెద్దావిడ అంటే రీమ్ నాన్నమ్మ. ఇల్లు ఆమెదే, మాట ఆమెదే. తెల్లవారు నమాజు అవగానే యాలకులు తనే దంచుకునేది, నా చేతికి ఇచ్చేది కాదు. నేను దంచితే ఘాటు పోతుందట. ఆ లేత పచ్చని కాఫీ మరిగే వాసన, ప్రతి శుక్రవారం బట్టల కింద వేసే సాంబ్రాణి పొగ, తాయిఫ్ ఊరి నుంచి తెప్పించుకునే గులాబి నీళ్ళతో ఆమె తలగుడ్డ నుంచి వచ్చే వాసన, ఈ మూడూ కలిస్తే నాకు ఇప్పటికీ భయం వేస్తుంది. మంచి వాసనలే, భయమే ముందు వస్తుంది.

భయమెందుకంటే, ఆ ఇంట్లో మధ్యాహ్నం నమాజుకూ సాయంత్రం నమాజుకూ నడుమ పెద్దావిడ పడుకునేది. ఆ రెండు మూడు గంటలు ఇంట్లో చీమ చిటుక్కుమనకూడదు. నిద్ర చెడితే ఆమెకు తలనొప్పి పట్టుకుని రెండు రోజులు వదిలేది కాదు. నా ముందు పనిచేసినామె ఒక మధ్యాహ్నం గిన్నె జారవిడిచిందని, పాస్‌పోర్టులో ఖురూజ్ ముద్ర కొట్టించి ఇంటికి పంపేశారని పక్కింట్లో పనిచేసే సత్యవతక్క చెప్పింది. ఖురూజ్ అంటే మళ్ళీ రానక్కర్లేదని పంపేయడం. నిజమో కాదో నాకు తెలియదు, నేను మాత్రం నమ్మాను. నన్ను పంపేస్తే రాయచోటిలో ఏముంది? మొగుడు తలాక్ చెప్పి వదిలేశాడు. మా అన్న నన్ను పెళ్ళీడు పిల్లలున్న ఒక ముసలాయనకు కట్టబెట్టడానికి మాట కూడా ఇచ్చేసి ఉన్నాడు. సౌదీకి రావడమే ఆ పెళ్ళి నుంచి పారిపోయి వచ్చాను. అందుకని చెప్పులు విడిచి, గాజులు పైకి తోసుకుని, గిన్నెల కింద గుడ్డ పరిచి తోమేదాన్ని.

వంట, ఊడ్పు ఒక ఎత్తు, ఆ మధ్యాహ్నాల్లో రీమ్‌ను నోరెత్తకుండా ఉంచడం ఒక ఎత్తు. వాళ్ళమ్మ ఆడపిల్లల బడిలో టీచరు, వచ్చేసరికి ఆలస్యమయ్యేది. తండ్రి, అంటే నా వీసాకు పూచీ ఉన్న కఫీల్, ఓడరేవులో ఉద్యోగం, రాత్రికి గానీ రాడు. ఐదేళ్ళ పిల్లను మూడు గంటలు కదలకుండా కూర్చోబెట్టడం ఎవరి తరం? అప్పుడు దొరికింది ఆ వీడియో క్యాసెట్టు. ఎవరో బంధువులు ఇచ్చిన జపాను బొమ్మల సినిమా. టీవీ పెట్టి, శబ్దం పూర్తిగా తీసేసి, ఇద్దరం చాప మీద ముక్కులు తెరకు ఆనించినంత దగ్గరగా కూర్చునేవాళ్ళం. శబ్దం లేదు కాబట్టి ఆ పిల్లలు ఏం మాట్లాడుకుంటున్నారో రీమ్‌కు తెలియదు, నాకూ తెలియదు. "ఏమంటున్నారు రహ్మా?" అని చెవిలో అడిగేది. నేను బొమ్మలు చూసి, నాకు వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో, చెవిలోనే కథ చెప్పేదాన్ని.

నలుగురు స్నేహితులు సముద్రం ఒడ్డున పాడుబడ్డ బస్సు ఎక్కి తలుపు మూసుకుంటారు. కాసేపటికి కిటికీ అవతల సముద్రం రంగు మారిపోతుంది, దిగితే పక్కలోకం. నేను చూసిన మేరకు అంతే. మిగిలిందంతా నేను పోసిన నీళ్ళే. ఆ నలుగురికీ మా వీధి పిల్లల పేర్లు పెట్టాను. పన్ను విరిగినవాడు కుళ్ళాయప్ప, రెండు జడల పిల్ల నాగూర్‌బీ. ఆ పక్కలోకంలో ఎర్రటి గుట్టలు కనిపిస్తాయి, అది మా రాయచోటి అని చెప్పాను. అక్కడ సీతాఫలాలు చెట్ల మీదే పగిలిపోతాయని, మా అమ్మ రాగిసంగటి ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోస్తుందని, పిల్లలు పొద్దుగూకేదాకా అరుచుకుంటూ తిరుగుతారని చెప్పాను. మా అమ్మ అప్పటికి చనిపోయి రెండేళ్ళు. కథలో బతికించుకున్నాను. రీమ్ కళ్ళు తెర మీద ఉన్నా, చెవి నా నోటి మీదే ఉండేది. తరవాత తరవాత నేను కథలు రాసి అచ్చేయించుకున్నప్పుడు, ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని కొందరు అడిగారు. రాయచోటి గ్రంథాలయం అని అబద్ధం చెప్పాను.

ఒక రోజు ఆ పిల్ల కేరింతలు కొట్టబోయింది. గభాలున నోరు మూసి, నాకు తోచిన మాట చెప్పాను. "చూడు, బస్సులో వాళ్ళెవరూ మాట్లాడ్డం లేదు. ఎవరు పిలిచినా పలకకూడదు, కదలకూడదు. పలికితే పక్కలోకం తలుపు తెరుచుకోదు. పెద్దవాళ్ళెవరైనా అయిపోయింది, ఇక మాట్లాడొచ్చు అని చెప్పేదాకా అంతే." సినిమాలో అలాంటి నియమం ఉందో లేదో నాకేం తెలుసు? నాకు కావలసింది పెద్దావిడ నిద్ర. ఆ నియమం అద్భుతంగా పనిచేసింది. ఆ రోజు నుంచి రీమ్ పెదాలు బిగబట్టుకుని కూర్చునేది. సాయంత్రం నమాజు పిలుపు వినపడగానే నేను చెవిలో "అయిపోయింది, ఇక మాట్లాడొచ్చు" అనేదాన్ని, అప్పుడు నోరు తెరిచేది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

బడుల్లో పరీక్షలు జరుగుతున్న ఎండాకాలం అది. నేను బియ్యం నానబెట్టి వచ్చేసరికి టీవీ ఆడుతోంది, చాప మీద పిల్ల లేదు. స్నానాలగది చూశాను, మంచాల కింద చూశాను, మగవాళ్ళు కూర్చునే ముందుగది తెరల వెనక చూశాను. గేటు లోపలి గడియ వేసే ఉంది. వీధిలోకి పోలేదని ధైర్యం తెచ్చుకున్నాను. "రీమ్, రీమ్" అని పిలుస్తున్నాను, పిలవడమంటే ఊపిరితో. పెద్దావిడ గది ముందు నుంచి మునివేళ్ళ మీద పోయాను. ముంగిట్లో సిమెంటు కాలిపోతోంది. ఆ కారు పక్క నుంచే రెండుసార్లు నడిచాను. కారుకు చెయ్యి ఆనించి గుసగుసగా పిలిచాను కూడా. ఎవరూ పలకలేదు. నీళ్ళ ట్యాంకు గుర్తొచ్చి మిద్దె మీదికి పరిగెత్తాను. మూత తీసి నీళ్ళలోకి తొంగి చూసినప్పుడు నా మొహం తప్ప ఏమీ కనిపించలేదు.

పక్క మిద్దె మీద సత్యవతక్క బట్టలు ఆరేస్తోంది. కోనసీమ నుంచి వచ్చిన మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. నన్ను చూసి పిట్టగోడ దగ్గరికి వచ్చింది.

"ఏంటే, మొహం అలా పెట్టావు?"

"పాప కనపడ్లేదక్కా. ఇల్లంతా ఎతికినా, యాడా లేదు."

"ఎంతసేపైందే?"

"అరగంట పైనే అయింటాది."

"అరగంట నుంచి నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నావా? గట్టిగా పిలవ్వేం?"

"పెద్దామె లేస్తాదక్కా. లేస్తే నన్ను పంపించేస్తారు."

సత్యవతక్క నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. "నీ దుంపతెగ, ఈ ఎండలో పసిపిల్లే అది. నువ్వు అరుస్తావా, నన్నరవమంటావా?" అంది. నేను నోరు తెరిచాను, గొంతు రాలేదు. రాలేదు అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. రానివ్వలేదు అన్నది నిజం. సత్యవతక్కే పిట్టగోడ మీదికి వంగి, వీధంతా దద్దరిల్లేలా "రీమ్" అని కేక పెట్టింది. పరాయి ఇంటి పిల్ల కోసం, తన ఇంటివాళ్ళు ఏమంటారో అని కూడా చూసుకోకుండా అరిచింది.

నేను కిందికి దిగేసరికి పెద్దావిడ తలగుడ్డ లేకుండా ముంగిట్లో నిలబడి ఉంది. నన్ను తిట్టలేదు. "కారులో చూశావా?" అంది. చూడలేదన్నాను. రీమ్ తండ్రి చిన్నప్పుడు అలిగితే కారులోనే దాక్కునేవాడట. ఆమె చేతికర్ర పారేసి నడిచిన తీరు చూస్తే మోకాళ్ళ నొప్పుల మనిషని ఎవరూ అనుకోరు. తలుపు లాగగానే పొయ్యి మూత తీసినట్టు వేడి మొహానికి కొట్టింది. వెనక సీట్లో రీమ్ నిటారుగా కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, పెదాలు బిగబట్టి. మొహం కందిపోయింది, ఒంటి మీద చెమట కూడా లేదు. లోపలి నుంచి తలుపు తెరుచుకుంటుంది. తెరుచుకుని రావచ్చు. నేను కారుకు చెయ్యి ఆనించి పిలిచినప్పుడు ఆ పిల్ల విని ఉంటుంది. విని కూడా పలకలేదు, ఎందుకంటే పలకకూడదని చెప్పింది నేనే.

నీడలో పడుకోబెట్టి తడిగుడ్డలతో తుడిచాం. కాసేపటికి కళ్ళు తెరిచింది. నాన్నమ్మ వైపు చూడలేదు, నా వైపు చూసింది. పెదాలు అలాగే బిగించి, కనుబొమ్మలు పైకెత్తి చూసింది. ఏమడుగుతోందో నాకు తెలుసు. ఇక మాట్లాడొచ్చా అని అడుగుతోంది. ఒక్క మాట చాలు. కానీ ఆ మాట పెద్దావిడ ముందు అంటే, ఏమిటది, ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు అని తీగంతా కదులుతుంది. నేను తల తిప్పుకుని గుడ్డ పిండుతూ ఉండిపోయాను. అంతలో వాళ్ళమ్మ వచ్చింది, ఏడుస్తూ ఆసుపత్రికి తీసుకుపోయారు.

మరుసటి రోజు పొద్దున బట్టల కోసం వాళ్ళమ్మ ఇంటికి వచ్చి, వంటగదిలో నేల మీద కూలబడిపోయింది. జ్వరం దిగిందట, నీళ్ళు తాగుతోందట, అన్నీ అర్థమవుతున్నాయట, కానీ ఒక్క మాట మాట్లాడటం లేదట. ఎండ తలకెక్కి మాట పడిపోయిందేమోనని డాక్టర్లు ఇంకేవో పరీక్షలు చేస్తామంటున్నారట. "రహ్మా, నీతో బాగా మాట్లాడుతుంది కదా. నువ్వొచ్చి ఒక్కసారి పిలిచి చూడు" అని నా చేతులు పట్టుకుంది. ఇంటి యజమానురాలు పనిమనిషి చేతులు పట్టుకుని బతిమాలడం ఆ దేశంలో నేను మళ్ళీ చూడలేదు. అప్పుడైనా చెప్పేయాలి. చెప్పలేదు. ఆసుపత్రిలో ఆమె నర్సు కోసం బయటికి వెళ్ళేదాకా ఆగి, పిల్ల చెవిలో "అయిపోయింది, ఇక మాట్లాడొచ్చు" అన్నాను. రీమ్ గట్టిగా ఊపిరి వదిలింది. "రాయచోటి ఎందుకు రాలేదు రహ్మా?" అంది. బస్సు పాడైపోయిందమ్మా అన్నాను.

రహ్మా పిలవగానే మాట వచ్చిందని ఇంటిల్లిపాదీ చెప్పుకున్నారు. వాళ్ళమ్మ నా నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. కారులో ఎందుకు కూర్చున్నావని ఎంతమంది ఎన్నిసార్లు అడిగినా రీమ్ "నేనే కూర్చున్నాను" అని ఊరుకుంది. వారంలో కారును తీయించేశారు. నేను ఇంకో నాలుగేళ్ళు ఆ ఇంట్లోనే ఉన్నాను. మా అన్న చూసిన ముసలాయన వేరే పెళ్ళి చేసుకున్నాడు. అంటే నేను ఏ భయంతో నోరు మూసుకున్నానో, ఆ భయం తీరింది. సిగ్గు మాత్రం తీరలేదు. ఇప్పుడు అక్కడ పనిచేసే మన ఆడవాళ్ళ చేతుల్లో ఫోన్లున్నాయి, పొయ్యి దగ్గర నిలబడి ఇంటి దగ్గరున్న పిల్లలతో వీడియోలో మాట్లాడుతున్నారు. మాకు నెలకో ఉత్తరం. అప్పుడు నాకూ ఒక ఫోనుంటే, ఎవరితోనైనా చెప్పుకునేదాన్నేమో. అలా అనుకోవడం కూడా తప్పించుకోవడమే. పక్క మిద్దె మీద మనిషి ఉంది, ఆమెకూ నేను అసలు సంగతి చెప్పలేదు.

సినిమా అయిపోయింది. పక్కలోకం వెళ్ళిన ముగ్గురిలో ఇద్దరే తిరిగొచ్చారు. జనా కాసేపు ఏడ్చి, కారు వెనక సీట్లో నిద్రపోయింది. రీమ్ సముద్రం పక్క రోడ్డు పట్టింది. ఆడవాళ్ళు వెనక సీట్లో తప్ప కూర్చోని ఊళ్ళో, ఇప్పుడు ఆమె నడుపుతుంటే నేను ముందు సీట్లో. రెండు సిగ్నళ్ళు దాటాక, ఇక లాభం లేదని నోరు తెరిచాను.

"రీమ్, ఆ బస్సు సినిమా గుర్తుందా?"

"గుర్తుంది."

"మాట్లాడకూడదు, పలకకూడదు అని చెప్పాను చూడు. అది సినిమాలో లేదమ్మా. మీ నాన్నమ్మ లేవకూడదని నేనే పెట్టాను. నువ్వు చచ్చిపోయేదానివి. ఆ తర్వాత కూడా, నువ్వు నా వైపు చూసి అడిగినప్పుడు కూడా, నేను చెప్పలేదు."

ఆమె రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. "తెలుసు" అంది. "ఆ మరుసటి ఏడాది తాయిఫ్‌లో మామయ్య ఇంట్లో అదే సినిమా శబ్దం పెట్టి చూశాను. బస్సులో వాళ్ళు ఒకటే మాట్లాడుకుంటారు. పాటలు కూడా పాడతారు."

"ఆరేళ్ళప్పుడా? మరి అమ్మకు ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నిన్ను పంపించేస్తారు కదా" అంది. నా మీద కోపం లేదు ఆ గొంతులో. నేను ఓణీ అడ్డం పెట్టుకుని ఏడ్చాను. సిగ్గుతోనూ ఏడ్చాను, ఇన్నేళ్ళకు బరువు దిగినందుకూ ఏడ్చాను. ఆమె ఒక చెయ్యి నా మోకాలి మీద వేసింది. ఉమ్రాలో నడిచి నడిచి అది వాచిపోయి ఉంది. తడిమి చూసి, "ఇంత వాచిందేంటి ఖాలా, చెప్పొద్దా?" అని మందుల షాపు ముందు కారు ఆపింది. పూతమందు తెస్తాను, రెండు నిమిషాలు అంది.

దిగి, వెనక తలుపు తీసింది. జనా మంచి నిద్రలో ఉంది. పడుకోనీలే, నేనున్నాను కదా అందామనుకున్నాను. రీమ్ నా వైపు చూడకుండా, బెల్టు విప్పి, నిద్రలో గునుస్తున్న ఆరేళ్ళ పిల్లను భుజాన వేసుకుని, ఆ బరువుతో వంగిపోతూ షాపులోకి నడిచింది. తప్పులేదు, ఆమె స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని. ఇంజను ఆపలేదు, ఏసీ ఆడుతూనే ఉంది. నా పక్క అద్దం మాత్రం నాలుగు వేళ్ళంత కిందికి దించి వెళ్ళింది.